బ్యాంకాక్ నుంచి రెండు గంటలే

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు ఆకాశంలో ఉన్న దారి నాకు ఉప్పల్ నుంచి నాచారం వచ్చే దారి కంటే బాగా తెలుసు. రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు. నేల ఎక్కడ అయిపోతుందో, ఏ కిటికీ దగ్గర కూర్చుంటే దీవులు కనిపిస్తాయో, ఎప్పుడు భోజనం పెడతారో, ఎప్పుడు కడుపులో తిప్పుతుందో అన్నీ చెప్పగలను. మా ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉండే చాయ్ బండి దగ్గర నిలబడి నలభై దేశాలకు మనుషుల్ని పంపినవాణ్ణి నేను.

నలభై అన్నానా? కొంచెం తగ్గించుకోండి. ఏడు. అందులో నేపాల్ వెళ్లినవాడు రైల్లో వెళ్లాడు. ఇక ఆకాశంలో దారి సంగతి అంటారా, నేను చెప్పబోయే రోజుల నాటికి నేను విమానం ఎక్కనే లేదు. బేగంపేటలో దిగే విమానాల పొట్టలు కింద నుంచి చూడటమే నా అనుభవమంతా. దీవుల సంగతి మా దగ్గర యంత్రం కొన్న ఒకాయన చెప్పాడు. భోజనం సంగతి వెళ్లొచ్చిన ఫిట్టర్లు చెప్పారు. వాళ్లు చెప్పినవన్నీ కలిపి, కొంచెం గొంతు పెంచి, మళ్లీ వాళ్లకే చెప్పేవాణ్ణి. ఎవరైనా "మీరెన్నిసార్లు ఎక్కిన్రు సార్?" అని అడిగితే, "లెక్కెవడు పెట్టిండు?" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు కదా. ఎక్కని వాటికి ఎవడూ లెక్క పెట్టడు.

మీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఫోన్ మీద వేలు ఆడించి ఏ ఊరికి ఎన్ని గంటలో చెప్పేస్తారు. మా రోజుల్లో ఆ వేలు నేను. అందుకే ఈ కథ మీకు చెబుతున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి. నేను చాలాకాలం నవ్వుతూనే చెప్పాను. ఇప్పుడు అలా చెప్పలేకపోతున్నాను.

నాచారంలో మా ఫ్యాక్టరీ మందుల కంపెనీలకు యంత్రాలు చేసేది. మాత్రల మీద పూత వేసే యంత్రానికి మాకు మంచి పేరుండేది. అమ్మేసి చేతులు దులుపుకుంటే అయ్యే పని కాదు అది. కొన్నవాళ్ల ఊరికి మన ఫిట్టర్ వెళ్లాలి, బిగించాలి, వాళ్ల ఎదుట నడిపి చూపించాలి, సరే అనిపించుకుని రావాలి. ఎవరు ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు తిరిగి రావాలి అని చూసే సీటు నాది. సర్వీస్ ఇన్‌చార్జ్ అని బల్ల మీద పలక కూడా ఉండేది. ఆ పలక నేనే చేయించుకున్నాను.

మొదటిసారి బ్యాంకాక్ టికెట్లు చేతికొచ్చినప్పుడు నాకొక వింత కనబడింది. వెళ్లేటప్పుడు ఇక్కడ రాత్రి ఒంటిగంటకు బయలుదేరి అక్కడ తెల్లవారి ఆరింటికి దిగుతుంది. అంటే అయిదు గంటలు. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి పదిన్నరకు బయలుదేరి ఇక్కడ పన్నెండున్నరకు దిగుతుంది. అంటే రెండే గంటలు. డిస్పాచ్‌లో పనిచేసే గుమాస్తా నా బల్ల మీద నుంచి వంగి చూశాడు.

"గదెట్ల సార్? పోనీకె ఐదు, రానీకె రెండా?"

తెలియదు అని చెబితే నా పలక ఏం కావాలి?

"గాలి" అన్నాను. "పోయేటప్పుడు ఎదురుగాలి. వచ్చేటప్పుడు సముద్రం మీది గాలి వెనకనుంచి తోస్తది. పతంగి ఎగరేయలేదా నువ్వు?"

"ఎగరేసిన గని, గంత తోస్తదా?"

"విమానం రెక్కలు చూసినవా, ఎంతుంటయో? పతంగి కన్న పెద్దగుంటయా, లేదా?"

అతను ఒప్పుకున్నాడు. నేను కూడా ఒప్పుకున్నాను. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఎదుటివాళ్లకు చెప్పిన అబద్ధం ఎక్కడో గుర్తుంటుంది. నేను నమ్మి చెప్పిన అబద్ధం నాకు జ్ఞానంలా కూర్చుండిపోయింది. బ్యాంకాక్ వాళ్ల గడియారం మన గడియారం కంటే గంటన్నర ముందు ఉంటుందనీ, టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారనీ నాకు తట్టలేదు. అమెరికాలో మనకు పగలైతే వాళ్లకు రాత్రి అని తెలుసు. బ్యాంకాక్ మన పక్కనే కదా, దానికి వేరే టైమెందుకు అనుకున్నాను. అక్కడి వాళ్లు మేం ఆఫీసు తాళం తీయకముందే ఫోన్ చేస్తుంటే, ఎంత శ్రద్ధగల మనుషులో అని మెచ్చుకునేవాణ్ణి.

విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారిన కొత్తలో, మా పెద్ద యంత్రం ఒకటి బ్యాంకాక్ వెళ్లింది. దాన్ని బిగించగలిగినవాడు మా దగ్గర ఒక్కడే. జనగామ వైపు నుంచి వచ్చి మేడిపల్లిలో ఉంటున్న ఫిట్టర్. ముప్పై అయిదేళ్ల మనిషి. యంత్రం మీద చెయ్యి పెట్టి, చెవి ఆనించి, జబ్బేమిటో చెప్పేవాడు. అతనితో పాటు అతని అక్క ఉండేది. భర్త పోయాక పిల్లను తీసుకుని తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. మల్లాపూర్‌లో అట్టపెట్టెలు చేసే చోట పనికి పోయేది. ఆ పిల్లను పెంచింది, చదివించింది, సంబంధం చూసింది అంతా మేనమామే.

పెళ్లి ముహూర్తం శుక్రవారం పొద్దున పెట్టుకున్నారు. యంత్రం బయలుదేరింది దానికి సరిగ్గా మూడు వారాల ముందు.

"నేను పోను సార్" అన్నాడు ఫిట్టర్. "పెండ్లి పనులు ఎవరు జూస్తరు? ఆఖరికి గంప నేనే ఎత్తాలె గద."

మేనకోడల్ని వెదురుగంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది మేనమామే. ఆ గంపను అతను అప్పటికే ఉప్పల్‌లో కొన్నాడు. కొనడమే కాదు, ఇంట్లో పిల్లను అందులో కూర్చోబెట్టి లేపి చూశాడట. ఆ సంగతి ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. రోజుకొకడు అతని భుజాలు నొక్కి చూసేవాడు.

"నువ్వు ఉప్పల్ రింగు కాడ హన్మకొండ బస్సు ఎక్కితే ఎన్ని గంటలు?" అని అడిగాను.

"మూడు, మూడున్నర."

"బ్యాంకాక్‌ల విమానం ఎక్కితే రెండు గంటలు. హన్మకొండ కంటె బ్యాంకాక్ దగ్గర. బుధవారం రాత్రికి ఇంట్ల ఉంటవ్. నా మాట."

"నిజంగనా సార్?"

"ఎన్నిసార్లు చూసిన నేను!"

చూశాను. టికెట్లను.

అతను వెళ్లాడు. రెండు రోజులకొకసారి వాళ్ల ఆఫీసు ఫోన్ నుంచి చేసేవాడు. పని సంగతి చెప్పి, చివర ఒక మాట అనేవాడు. "సార్, నా గడియారం మార్చలె. మన టైమే ఉంచిన. అక్క ఇప్పుడు పనికి పోయుంటది, పిల్ల ఇప్పుడు అన్నం తింటుంటది అని చూసుకుంటుంట." నేను నవ్వేవాణ్ణి. గడియారం మార్చడం ఎందుకో కూడా అడగలేదు.

పెళ్లివారం వచ్చింది. మంగళవారం మా ఎండీ గారు పిలిచారు. బ్యాంకాక్ వాళ్లు ఇంకో రోజు నడిపి చూస్తామంటున్నారట. గురువారం కూడా ఫిట్టర్ అక్కడే ఉండాలట. ఆ రాత్రి విమానంలో సీట్లు లేవట.

"వాళ్లింట్లో పెళ్లి కదండీ. ఉంచితే ఇబ్బంది పడతాడేమో. మీరేమంటారు?" అన్నారు ఎండీ గారు.

చూశారా, ఆయన అడిగారు. వద్దండీ, పంపించేయండి అంటే సరే అనేవారు. పెళ్లయ్యాక మళ్లీ పంపిస్తామని వాళ్లకు చెప్పేవారు. ఆ గదిలో ఆయనతో పాటు ఇద్దరు కొత్త ఇంజనీర్లు కూర్చుని ఉన్నారు. నావైపు చూస్తున్నారు.

"ఫికర్ వద్దు సార్" అన్నాను. "రెండు గంటల దూరం. శుక్రవారం పొద్దున్నే ఎక్కిస్తే ముహూర్తానికి ముందే మేడిపల్లిలో దింపుతాను."

బుధవారం సాయంత్రం అతని అక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు నిండా అట్ట పొడి.

"సార్, తమ్ముడు ఇయ్యాల రాడంట గద? నేను ఫోన్ల ఏడ్సిన. రారా అన్న. సార్ చెప్పిండు, ఏం గాదక్కా అంటుండు. నిజంగ ఏం గాదా సార్?"

"ఏం గాదమ్మా. నువ్వు పిల్లకు పసుపు పెట్టు. మీ తమ్ముణ్ణి తెచ్చే పూచీ నాది."

ఆమె నా మొహంలోకి చూసి, "మీరంటున్నరని పోతున్న సార్" అని వెళ్లింది.

గురువారం సాయంత్రం ఫిట్టర్ ఫోన్ చేశాడు. యంత్రం ఆగకుండా నడిచింది, వాళ్లు సరే అన్నారు. టికెట్ పొద్దున్నే విమానాశ్రయంలో చేతికిస్తారట.

"ఎన్ని గంటలకు విమానం?"

"వీళ్ల గడియారాల్ల ఎనిమిదిన్నర అంటున్నరు సార్. నా దాంట్ల చూస్తే ఏడైతది."

"వాళ్ల గొడవ మనకెందుకు? మన టైమ్ చెప్పు."

"ఏడు సార్."

ఎంత జాగ్రత్తపరుణ్ణో చూడండి! మన టైము కావాలని పట్టుబట్టి మరీ అడిగాను. ఏడుకు రెండు కలిపాను. తొమ్మిది. శంషాబాద్ నుంచి మేడిపల్లికి గంటన్నర. పదిన్నర. ముహూర్తం పదకొండుంబావుకు.

"ఇంట్ల చాయ్ తాగి, బట్టలు మార్చుకుని పోవచ్చురా" అన్నాను.

"సార్, మీ మేలు మర్శిపోను" అన్నాడు అతను.

టికెట్ మీద కనిపించే రెండు గంటలు గడియారాల తేడా గంటన్నర పోగా మిగిలినవి. ఆ తేడా తీసేసిన టైము తీసుకుని, దాని మీద నేను మళ్లీ ఆ రెండు గంటలే వేశాను. విమానం గాల్లో ఉండేది మూడున్నర గంటలు. అంటే దిగేసరికి పదిన్నర. హన్మకొండ బస్సూ అదీ ఒకటే.

ఇక్కడి నుంచి ఈ కథను నేను అయిదేళ్ల పాటు ఇలా చెప్పాను: ఫిట్టర్ సరిగ్గా తొమ్మిదింటికే దిగాడు. కారు ఎక్కాడు. ఎల్బీ నగర్ దగ్గరికి వచ్చేసరికి ధర్నా. రోడ్డుకడ్డంగా టైర్లు కాలుతున్నాయి. వెయ్యిమంది... కొన్నిసార్లు అయిదువేల మంది. ఫిట్టర్ కారు దిగి, నేను మేనమామను, నన్ను పోనియ్యండ్రి అని దండం పెట్టాడు. వాళ్లు, అన్నా, మాది గూడ పెండ్లి లాంటిదే అన్నారు. నేను ఫోన్ మీద ఫోన్ చేశాను, పోలీసులతో మాట్లాడాను...

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. ధర్నా అంటే ఎవరూ మారు అడిగేవారు కాదు. ఆ రోజు ఎల్బీ నగర్ దగ్గర ధర్నా లేదు. టైర్లు లేవు. నేను పోలీసులతో మాట్లాడలేదు. ఆ మాటకొస్తే, రోడ్లు ఎప్పుడూ లేనంత ఖాళీగా ఉన్నాయని తరువాత తెలిసింది.

జరిగింది ఇది. మేడిపల్లిలో ఫంక్షన్ హాల్ గుమ్మం దగ్గర, కొత్త చొక్కా వేసుకుని, చందనం పూయించుకుని, నేను వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ నిలబడ్డాను. పెళ్లి నాదే అన్నట్టు. పదిన్నర అయింది. ఫిట్టర్ రాలేదు. బయటికి వచ్చి విమానాశ్రయానికి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"బ్యాంకాక్ ఫ్లైట్ ఇప్పుడే దిగిందండి."

"ఇప్పుడే ఏందమ్మా? ఏడుకు బయలుదేరింది. తొమ్మిదికి దిగాలె."

"ఏడు అంటే ఇండియా టైమేనా సార్?"

"మన టైమే."

"అయితే కరెక్టే సార్. మూడున్నర గంటల జర్నీ అండి."

"రెండు గంటలు గద? వెనకగాలి..."

"ఏంటి సార్?"

ఫోన్ పెట్టేశాను. వీధిలో నిలబడి వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి వచ్చింది. అన్నేళ్లుగా రానిది, అప్పుడు వచ్చింది.

అతని అక్క గబగబా బయటికి వచ్చింది. పట్టుచీర కొంగు నడుముకు బిగించి ఉంది.

"సార్, తమ్ముడు యాడికొచ్చిండు?"

నిజం చెప్పడానికి అది చాలా మంచి సమయం. అమ్మా, నేను తప్పు లెక్కపెట్టిన, వాడు ఇప్పుడే దిగిండు, వాడు రానీకె పన్నెండు దాటుతది అని చెప్పి ఉంటే, ఆమె నన్ను తిట్టేది. కొట్టినా కొట్టేది. కానీ ఏం చెయ్యాలో వాళ్లు అప్పుడే ఆలోచించుకునేవాళ్లు.

"ఎప్పుడో దిగిండమ్మా" అన్నాను. "ఎల్బీ నగర్ కాడ ధర్నా అంట. బండ్లు ఆపిన్రంట. వచ్చేస్తడు."

"ఇయ్యాల్నే దొరికిందా వాళ్లకు ధర్నా?" అని ఆమె నెత్తి కొట్టుకుంది. "వచ్చేస్తడా సార్?"

"ఆ, వచ్చేస్తడు."

ఆ మాటతో వాళ్లు ఆగారు. పదకొండు దాకా ఆగారు. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అంటూ ఆగారు. పెళ్లి చేయించే అయ్యగారు లోపలి నుంచి రెండుసార్లు పిలిచాడు. మూడోసారి మండపం దిగి వచ్చాడు.

"మేనమామ వరస అయ్యేటోళ్లు ఎవరైన ఎత్తొచ్చు తల్లీ. ముహూర్తం దాటిపోతది."

అక్కాతమ్ముళ్ల పెద్దనాన్న కొడుకొకతను కండువా సర్దుకుని ముందుకు వచ్చాడు. పెళ్లికూతురు గది గుమ్మంలో నిలబడి ఉంది. నుదుట బాసికం, చేతుల్లో కొబ్బరికాయ. చెంపలు తడిసి ఉన్నాయి కానీ గొంతు గట్టిగానే వచ్చింది.

"మా మామ ఉండంగ ఇంకొకళ్లు ఎత్తుడేంది? వద్దు. నాకు కాళ్లున్నయ్."

"అట్ల అనొద్దు బిడ్డా..."

"నడిసొస్త అమ్మా. పద."

మగపెళ్లివారి వైపు నుంచి ఎవరో, "ఏందిది, పిల్ల నడిసొస్తుందా?" అనడం వినిపించింది. ఒక ముసలమ్మ ఆ గంప తెచ్చి నా చేతిలో పెట్టింది. "సార్, జర గిది పట్టుకో, దారిల కాళ్లకు తాకుతుంది."

పసుపు పూసి, అంచుకు మామిడాకులు కట్టిన గంప. అడుగున కొన్ని బియ్యం. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా ముందు నుంచే ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని నడిచిపోయింది. మేళం వాళ్లు ఏం వాయించాలో తెలియక ఒక్క క్షణం ఆగారు. ఆ ఒక్క క్షణం ఆమె మెట్టెలు లేని కాళ్ల చప్పుడు నాకు వినిపించింది.

ఫిట్టర్ వచ్చేసరికి జనం బంతుల్లో కూర్చుని తింటున్నారు. కంపెనీ నీలం చొక్కా, మోచేతి దగ్గర గ్రీజు మరక, భుజానికి సంచి. ఎవర్నీ చూడకుండా మండపం మీదికి పోయాడు. మేనకోడలు తలెత్తింది.

"ఏం మామా, బరువైతనని భయపడ్డవా?"

అతను నవ్వబోయాడు. కాలేదు. మొహం పక్కకు తిప్పుకుని, సంచి దించినట్టు వంగి, కాసేపటిదాకా లేవలేదు.

అక్క వచ్చి అతని జబ్బ పట్టుకుంది. "ఎంతసేపు ఆపిన్రురా ఎల్బీ నగర్ కాడ? గా ధర్నోళ్లకు అక్కచెల్లెండ్లు లేరా?"

అతను అర్థం కానట్టు ఆమెను చూశాడు. తరువాత ఆమె వెనక నిలబడ్డ నన్ను చూశాడు. నేను తల వంచుకున్నాను. ఏ చిన్న పిల్లవాడికైనా సమజ్ అయ్యేలా వంచుకున్నాను.

"మస్తు సేపు ఆపిన్రక్కా" అన్నాడు.

ఆఖరి బంతిలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఎవరూ దగ్గర లేకుండా చూసి, "తప్పు లెక్కపెట్టిన" అన్నాను.

"తెలుసు సార్. టికెట్ల చూసిన. దిగుడు పదిన్నర అనుంది. ఎక్కాల్నా వద్దా అని నిలబడ్డ. ఎక్కక ఏం జేస్త?" అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. "ముహూర్తం టైముకు లైన్ల ఉన్న సార్, పాస్‌పోర్టు కాడ. గడియారం చూస్తున్న. గీ చేతులేం జేయాల్నో సమజ్ గాలె."

"మరి ధర్నా అంటే అవునని ఎందుకన్నవ్?"

"బుధవారం రారా అని అక్క ఏడ్సింది. సార్ చెప్పిండు, ఫికర్ లేదు అని నేనే ఉన్న. ఇప్పుడు మీరు చిన్నగైతే, మిమ్మల్ని నమ్మినందుకు నేను ఇంక చిన్నగైత. ఊకోండ్రి సార్. అయిపోయింది."

అయిపోలేదు. సోమవారం ఫ్యాక్టరీలో ఎండీ గారు ధర్నా సంగతి విని, "మన చేతుల్లో ఏముందండీ" అని నా భుజం తట్టారు. ఆ తట్టుతో నాకు ధైర్యం వచ్చింది. చాయ్ బండి దగ్గర నా కథలో మొదటి టైరు అంటించింది ఆ రోజే. తరువాత తరువాత అయిదువేల మందిని కూడగట్టాను. ఫిట్టర్ అక్కడే నిలబడి చాయ్ తాగుతూ వినేవాడు. ఒక్కసారి కూడా కాదనలేదు. నాతో మాట్లాడటం మానలేదు. రోజూ నమస్తే సార్ అనేవాడు. అయితే ఆ తరువాత ఎక్కడికి పంపినా, ఎన్ని గంటలు సార్ అని నన్ను అడగలేదు. డిస్పాచ్ గుమాస్తాను అడిగేవాడు.

నేను చూడని పని ఒకటి మేడిపల్లిలో జరుగుతూ వచ్చింది. అతని అక్క వాళ్ల వాడకు పాటగత్తె. బతుకమ్మ పండుగకు ఆమె ఎత్తుకుంటేనే మిగిలినవాళ్లు అందుకునేవారు. ఉద్యమం ముదిరాక ఆడవాళ్లు బతుకమ్మలు తెచ్చి రోడ్ల మీద పెట్టి ఆడటం మొదలుపెట్టారు. ఆమెను పిలిచారు. "రోడ్డు ఆపే ఆటకు నేను రాను" అందట. "నా బిడ్డ పెండ్లి నాడు మీరు ఆపిన రోడ్డు చాలు." తమ్ముడు మీటింగులకు పోతే, వచ్చాక రెండు మూడు రోజులు అతనితో మాట్లాడేది కాదట. ఇరుగుపొరుగు ఆమెను పిలవడం మానేశారు. ఇదంతా ఫిట్టర్ నాకు చెప్పలేదు. గుమాస్తా చెప్పాడు. విని నేను, "అట్లనా, పాపం" అన్నాను.

రాష్ట్రం వచ్చింది. అప్పటికి నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను. మర్నాడు సాయంత్రం ఫిట్టర్ ఫోన్ చేసి, "మా గల్లీల పండుగ సార్, రాండ్రి" అన్నాడు. స్వీట్ల డబ్బా తీసుకుని మేడిపల్లి వెళ్లాను. గల్లీ నిండా రంగులు. పిల్లలు ఒకరి మొహాలకొకరు పూస్తున్నారు. నడుమ ఆడవాళ్లు బతుకమ్మ పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. ఆ పిల్ల, ఆనాటి పెళ్లికూతురు, కొడుకును చంకనేసుకుని ఆ చుట్టులో ఉంది.

ఆమె తల్లి మాత్రం ఇంటి గడప మీద కూర్చుని ఉంది. మొహం మీద చిటికెడు రంగు కూడా లేదు.

డబ్బా తెరిచి ముందు పెట్టాను. "తీసుకో అమ్మా. పండుగ."

"మీరు తెచ్చిన్రని పిల్లలకు పెడ్త సార్. నేను తినను." ఆడుతున్నవాళ్ల వైపు చూసింది. పెదవులు పాటతో పాటు కదిలి, ఆగిపోయాయి. "రాష్ట్రమొస్తె నాకు మాత్రం సంబురం లేదా? గని, అయ్యాల నా బిడ్డ నడిసిపోయింది కండ్ల ముంగట్నే ఉంటది. ఆ ధర్నోళ్లను చూస్తె నాకు కాలు లేవదు సార్."

ఫిట్టర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. నా నోరు తెరుచుకోవడం అతనికి కనిపించినట్టుంది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, వద్దు అన్నట్టు.

"ధర్నా లేదమ్మా" అన్నాను.

"ఏంది?"

"అయ్యాల ఎల్బీ నగర్ కాడ ధర్నా లేదు. ఎక్కడా లేదు. విమానానికి మూడున్నర గంటలు పడ్తది. నేను రెండు గంటలు అనుకున్న. నాకు తెల్వదు. నేనప్పటికి విమానం ఎక్కనే లేదు. నీ తమ్ముడు దిగిందే పదిన్నరకు. నేను భయపడి ధర్నా అన్న."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"అక్కా..."

"తెలుసు. మస్తు సేపు ఆపిన్రక్కా అన్నవ్. నువ్వు గూడ అన్నవ్." ఆమె గొంతు పెరగలేదు. గల్లీ వైపు చెయ్యి చూపించింది. "గీల్లందర్ని తిట్టుకుంట కూసున్న గదరా నేను? నా తోటోళ్లు. ఒక్కళ్లు నా గడప తొక్కకపోతిరి. నువ్వు చూస్తనే ఉంటివి."

ఫిట్టర్ నా మోచెయ్యి వదిలేశాడు. అతన్ని నేను ఏ చోటికి ఈడ్చానో అప్పుడు చూశాను. అయిదేళ్లు నా పరువు మోసినవాణ్ణి, నా గుండె బరువు దించుకోవడానికి, అతని అక్క ముందు, పండుగ నాడు దొంగను చేసి నిలబెట్టాను. అతను వద్దన్నది అందుకే. అది కూడా నేను ముందుగా లెక్కపెట్టలేదు.

ఆమె నా వైపు చూసింది. "అయ్యాల్నే నిజం చెప్తె ఏమైతుండె సార్? తిట్టి ఊకుందును. సాయంత్రానికి మర్శిపోదును."



ఆమె లేచింది. కొంగు నడుముకు చెక్కుకుంది. పక్కింటావిడ పట్టుకున్న పళ్లెంలోంచి ఒక లడ్డు తీసుకుని సగం నోట్లో వేసుకుంది, మిగిలిన సగం తమ్ముడి చేతిలో పెట్టింది. నేను తెచ్చిన డబ్బా గడప మీద తెరిచినట్టే ఉంది. గల్లీలోకి దిగి, ఆడుతున్నవాళ్ల దగ్గర ఒక్క క్షణం నిలబడింది. కూతురు చూసి చెయ్యి పట్టి లోపలికి లాగింది. పాడుతున్నావిడ ఆగింది. ఈమె పాట ఎత్తుకుంది. మొదట గొంతు జీరబోయింది. తరువాత పైకి లేచింది.

చుట్టు తిరుగుతూ ఆమె మా ముందు నుంచే వెళ్లేది. వచ్చిన ప్రతిసారీ తమ్ముడి వైపు చూసింది. అతను ఆ సగం లడ్డు చేతిలోనే పట్టుకుని నిలబడి ఉన్నాడు. చీకటి పడేదాకా నేనక్కడే ఉన్నాను. నా వైపు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.